ఒకే చాప మీద మూడు తరగతులు



మాది రామకృష్ణాపూర్. మా ఇద్దరిలో ఒకరిది బాయి పని, ఒకరిది ఇంటి పని. మాకు ముగ్గురు పిల్లలు. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు పెద్దమ్మాయి ఏడో తరగతి ముగిస్తున్నది, బాబు నాలుగులో ఉన్నాడు, చిన్నది ఇంకా అంగన్‌వాడీకి పోతున్నది. జూన్ నెల వచ్చినా బడి తెరవలేదు. కొత్త పుస్తకాలు మాత్రం చేతికి వచ్చాయి. ఒకరివి ఎనిమిదో తరగతివి, ఒకరివి ఐదో తరగతివి, ఒకరివి ఒకటో తరగతివి.

ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానెళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. అవి మూడో తరగతి నుండి పదో తరగతి వరకే. మా చిన్నదానికి ఏ పాఠమూ లేదు. ఇంట్లో ఉన్నది ఒక్క టీవీ. రాత్రి షిఫ్టు వారాల్లో పగలు నిద్ర కావాలి గనుక దాని గొంతు తగ్గించాలి. తగ్గిస్తే పిల్లలకు వినబడదు. ఇలాంటి ఇళ్ళు మన బొగ్గు గనుల ప్రాంతంలో ఎన్నో ఉండినవని మీకు తెలుసు.

ఆ దినాలు గడిచిపోయాయి. 2021 సెప్టెంబరు 1న బడులు మళ్ళీ తెరుచుకున్నాయి. అయితే ఆ ఏడాదిన్నరలో మేము నేర్చుకున్నది ఇప్పటికీ సాయంకాలాల్లోనూ వేసవి సెలవుల్లోనూ మా ఇంట్లో నడుస్తున్నది. సంఘంలో కొందరు తల్లులు అడిగినందున దీన్ని రాస్తున్నాం. మేము చేసిన తప్పు కూడా దాచకుండా రాస్తున్నాం. అది తెలిస్తేనే ఈ వ్యాసం మీకు ఉపయోగపడుతుంది.

మూడు బడులు పెట్టి అలసిపోయాం

మొదట మేము చేసింది, బడి ఎలా నడుస్తుందో ఇల్లు అలా నడపాలనుకోవడం. ఎనిమిదో తరగతికి ఏడు పుస్తకాలు, ఐదో తరగతికి నాలుగు, ఒకటో తరగతికి మూడు. మొత్తం పధ్నాలుగు పాఠాలు. గోడకు టైం టేబులు అంటించాం. ఒకరికి చెబుతుంటే ఇద్దరు కొట్లాడుకునేవారు. ఇద్దరిని సర్దేలోగా మొదటివారు లేచిపోయేవారు. పొయ్యి మీద అన్నం మాడిన రోజులున్నాయి. పది రోజులకే ఆ కాగితం చింపేశాం.

దారి కనబడింది కుటుంబ ప్రార్థనలో. ఒక రాత్రి చాప పరిచి నోవహు ఓడ గురించిన అధ్యాయం చదివాం. పెద్దమ్మాయి చదివింది. చిన్నది ఓడలోకి పోయిన జంతువుల పేర్లు తనకు తెలిసినన్ని చెప్పింది. ఓడ పొడుగు మూడు వందల మూరలు అనగానే బాబు తన మోచేతితో చాపను కొలవసాగాడు. పెద్దమ్మాయి మూరకు 45 సెంటీమీటర్లు వేసుకొని 135 మీటర్లని లెక్క తేల్చింది. మరి యాభై మూరల వెడల్పు, ముప్పై మూరల ఎత్తు ఎంత అని బాబు అడిగాడు. ఆ రాత్రి ఆలస్యంగా పడుకున్నాం.

చదివింది ఒక్క అధ్యాయమే. అందులో ముగ్గురికీ ముగ్గురికి తగిన పని దొరికింది. ప్రార్థనకు ముగ్గురికి మూడు చాపలు ఎన్నడూ పరచలేదు గదా, పాఠానికి మాత్రం ఎందుకు పరుస్తున్నామని మాలో మేము అనుకున్నాం.

ఇది కొత్త సంగతి కాదు

తరువాత తెలుసుకుంటే, ఈ పద్ధతి మన దేశానిదేనని అర్థమైంది. పాతకాలపు వీధిబడిలో ఒక్కరే అయ్యవారు. చిన్నా పెద్దా ఒకేచోట కూర్చునేవారు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. వచ్చినవాడు రానివానికి దిద్దించేవాడు. 1789లో మద్రాసులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పెద్దగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరి, మన పిల్లలు ఇసుకలో రాస్తుండగా చూచి, తన ఆశ్రమంలో అదే మొదలుపెట్టాడు. పెద్ద పిల్లల చేత చిన్నవారికి చెప్పించాడు. 1797లో దీని గురించి లండనులో పుస్తకం అచ్చువేశాడు. ఇంగ్లండులో దీనికి మద్రాసు పద్ధతి అనే పేరు వచ్చింది. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్, తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి ప్రభుత్వానికి రాసిన నివేదికలో, ముందు నేర్చిన పిల్లలు వెనుకటివారికి నేర్పే ఈ ఏర్పాటును మెచ్చుకున్నాడు. ఆ వీధిబడి గడప అందరినీ ఎక్కనివ్వలేదన్నది కూడా నిజమే. మన పెద్దలలో అనేకులు మిషను బడులలోనే అక్షరాలు దిద్దారు. అయినా పద్ధతి మంచిది గనుక తీసుకోవడానికి అభ్యంతరం లేదు.

మన కాలంలో మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీలో రమ, పద్మనాభరావు దంపతులు పల్లెల్లోని ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం ఇలాంటిదే తయారుచేశారు. ఒక్క టీచరు, అయిదు తరగతులు. వారు పాఠ్యపుస్తకాలను చిన్న చిన్న కార్డులుగా విడదీసి, నిచ్చెన మెట్లలా వరుస పెట్టారు. ప్రతి మెట్టులో మొదట పరిచయం, పిమ్మట అభ్యాసం, ఆపైన పరీక్ష. రానివారికి మరికొంత సాధన, వచ్చినవారికి మరికొంత పై పని. బిడ్డ ఏ మెట్టు మీద ఉందో అక్కడి నుండే ఎక్కుతుంది. పక్కవారి కోసం ఆగనక్కరలేదు, పక్కవారి వెంట పరుగెత్తనక్కరలేదు. టీచరు సాయం కావలసినవారు ఒక గుంపు, తోటివారి సాయం చాలినవారు ఒక గుంపు, తమంతట తాము చేసుకోగలవారు ఒక గుంపుగా కూర్చుంటారు. 2003 నుండి చెన్నై కార్పొరేషను బడులు కూడా దీన్ని చూచి తమకు తగినట్టు మార్చుకున్నాయి.

అయిదు తరగతులను ఒక్క టీచరు నడపగలిగితే, మూడు తరగతులను ఇద్దరు తల్లిదండ్రులు నడపలేరా అనే ధైర్యం మాకు కలిగింది.

పాఠం ఒకటి, మెట్లు మూడు

మేము చేసిన ఒక పాఠం చెబుతాం. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో బొగ్గు, పెట్రోలియం గురించి పాఠం ఉంది. బొగ్గు మన ఊరి సంగతి గనుక ఆ వారం అందరికీ అదే పాఠం అనుకున్నాం. కుంపటి పక్కన పడి ఉన్న ఒక బొగ్గు ముక్క తెచ్చి చాప మధ్యలో పెట్టాం.

మొదట అందరూ చూశారు, ముట్టుకున్నారు. ఇరవై అయిదు, ముప్పై కోట్ల ఏండ్ల క్రిందట ఈ గోదావరి లోయలో అడవులు బురదలో కూరుకుపోయి, పైన మట్టి పొరలు పేరుకొని, బరువుకూ వేడికీ బొగ్గయిన కథ చెప్పాం. 1871లో విలియం కింగ్ అనే ఆయన ఇల్లందు దగ్గర బొగ్గు కనుగొన్నాడనీ, సింగరేణి అనే ఊరి పేరు మీదనే 1920లో కంపెనీ ఏర్పడిందనీ చెప్పాం. ఇంతవరకు కలిసి. దీనికి అరగంట పట్టింది.

ఆపైన ఎవరి మెట్టు వారిది. చిన్నది ఆ ముక్కతోనే గచ్చు మీద 'బ' రాసింది. ఇంట్లో నల్లని వస్తువులు పది వెదికి తెచ్చి లెక్కపెట్టింది. బాబు రాష్ట్రం పటంలో గోదావరి గీసి, కొత్తగూడెం, ఇల్లందు, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి గుర్తుపెట్టి, బొగ్గు ఎలా ఏర్పడిందో ఐదు వాక్యాలు రాశాడు. పెద్దమ్మాయి తన పాఠం చదివి, బొగ్గు ఒకసారి అయిపోతే మళ్ళీ ఎందుకు దొరకదో తన మాటల్లో రాసింది.

లెక్క కూడా అందులోనే వచ్చింది. 2019-20లో సింగరేణి తీసిన బొగ్గు సుమారు 6 కోట్ల 40 లక్షల టన్నులు. దాన్ని అంకెల్లో రాసి చిన్నదాన్ని సున్నాలు లెక్కపెట్టమన్నాం. ఆరు అని చెప్పింది. బాబు ఒకట్లు, పదులు, వందలు అంటూ కోట్ల దాకా స్థానాలు చెప్పాడు. రోజుకు ఎంత అని పెద్దమ్మాయిని అడిగితే 365తో భాగించబోయి ఆగింది. ఆ లెక్కలో 2020 ఫిబ్రవరి ఉంది, అది లీపు సంవత్సరం. 366తో భాగిస్తే దాదాపు లక్షా 75 వేల టన్నులు వచ్చింది. గూడ్సు బండికి నాలుగు వేల టన్నులనుకుంటే ఎన్ని బండ్లవుతాయని బాబు అడిగాడు. దాదాపు నలభై నాలుగు. బొగ్గంతా రైలు మీదనే పోదు గాని, ఆనాటి నుండి రవీంద్రఖని మీదుగా గూడ్సు పోతే మా బాబు పెట్టెలు లెక్కపెడతాడు.

ఆ సాయంకాలం మొదటి షిఫ్టు దిగి వచ్చాక, బాయిలో కప్పుకు దన్ను ఎందుకు పెడతారో, గాలి లోపలికి ఎలా పంపుతారో, గ్యాసు ఉన్నదీ లేనిదీ ఎందుకు చూస్తారో, టోపీ దీపం ఆరిపోతే ఏమి చేయాలో పిల్లలకు చెప్పడం జరిగింది. డాడీ బాయిలో ఏమి పని చేస్తడో ముగ్గురికీ సరిగా తెలిసింది ఆ రోజే.

అయితే అన్నీ ఇలా కలపడానికి వీలుకాదు. లెక్కల్లో కొత్త మెట్టు, చిన్నవారికి చదవడం నేర్పే మొదటి మెట్లు, పెద్దవారి ఇంగ్లీషు, హిందీ విడిగానే చెప్పాలి. పరిసరాల పాఠం, సాంఘికం, సైన్సులో చాలా భాగం, కథలు, పాటలు, బైబిలు పాఠం, తోటపని, వంట కొలతలు కలిపి చెప్పవచ్చు. ఈ తేడా తెలుసుకోకుండా అన్నీ కలిపితే పెద్దవారు వెనుకబడతారు. మా ఇంట్లో జరిగింది అదే.

అక్క మీద పడిన భారం

పెద్దపిల్ల చిన్నవారికి చెప్పడం మంచి పద్ధతి అని విన్నాం గదా, క్రమంగా ఆ పని అంతా ఆమెకే వదిలేశాం. పొద్దున చెల్లెకు అక్షరాలు, పిమ్మట తమ్మునికి లెక్కలు, మధ్యాహ్నం మళ్ళీ చెల్లె. డిసెంబరు నాటికి చిన్నది మాటలు కూడబలుక్కొని చదువుతున్నది. బాబు భాగహారాలు తప్పులేకుండా చేస్తున్నాడు. వచ్చినవారందరూ "మీ ఇంట్లోనే టీచరమ్మ ఉన్నది" అని మెచ్చుకుంటే మేము సంతోషించాం.

జనవరిలో ఒకరోజు ఆమె లెక్కల నోటుబుక్కు తీసి చూశాం. నవంబరు మొదటి వారం తరువాత అన్నీ తెల్ల కాగితాలే. ఎందుకు చేయలేదని గట్టిగా అడిగాం. ఆమె ఎదురు చెప్పలేదు. కాసేపటికి మెల్లగా, "అందరియి అయినంక నావి చేసుకుందామనుకున్న. అప్పటికే నిద్రొస్తది" అన్నది.

మాకు నోట మాట రాలేదు. తమ్మునికీ చెల్లెకూ చెప్పి, సాయంత్రం గిన్నెలు తోమి, అప్పుడు పుస్తకం పట్టమంటే ఆ బిడ్డ ఏమి చేయగలదు? అదే పెద్దవాడు మగపిల్లవాడై ఉంటే గిన్నెల దగ్గర కూర్చోబెట్టేవారమా అని ఆ రాత్రి ఒకరినొకరం అడిగాం. జవాబు మాకు తెలుసు. మరునాడు ప్రార్థన తరువాత ముగ్గురి ఎదుటనే ఆమెను క్షమించమని అడిగాం.

ఆనాటి నుండి సాయంకాలం అయిదు నుండి ఆరున్నర వరకు ఆమె సమయం అని నియమం పెట్టాం. ఆ వేళ చిన్నవారు ఆమె దగ్గరకు పోరాదు, మేము పని చెప్పరాదు. గిన్నెలు వంతులవారీగా తోమాలి, బాబుకు కూడా వంతు ఉంది. ఆమె చిన్నవారికి చెప్పేది రోజుకు ఇరవై నిమిషాలకు మించరాదు. ఎనిమిదో తరగతి లెక్కలు మా ఇద్దరికీ రావు గనుక, సంఘంలో డిగ్రీ చదువుతున్న ఒక సహోదరి వారానికి రెండు రోజులు వచ్చి వరండాలో కూర్చొని చెప్పింది. ఫిబ్రవరి చివర ఆమె తరగతికి బడి తెరిస్తే భయపడుతూనే పోయింది. నెల తిరక్కుండానే మళ్ళీ మూశారు.

ఆమె 2023లో పదో తరగతి గట్టెక్కింది. ఇంటర్‌లో లెక్కలు వద్దని సీఈసీ తీసుకుంది. అది ఆమె ఇష్టమో, మా తప్పిదపు ఫలమో అని ఇప్పటికీ మాలో మేము అనుకుంటూ ఉంటాం.

ఒక తల్లి చేసిన ఏర్పాటు

జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీల తల్లి సుసన్నా గురించి మన సంఘాలలో వినని వారుండరు. ఇంగ్లండులో ఎప్‌వర్త్ అనే ఊరిలో ఆమె తన పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పింది. 1732లో జాన్ అడిగినందున తన పద్ధతిని ఉత్తరంగా రాసింది. మా తప్పు తెలిసిన తరువాత ఆ సంగతులు మాకు కొత్తగా వినబడ్డాయి.

ఆమె ఇంట్లో కూడా పెద్దవారు చిన్నవారిని పట్టుకునేవారు. అందరికంటె పెద్దది అందరికంటె చిన్నదాన్ని, రెండవది దాని పైదాన్ని, అలా జతలుగా కూర్చొని కీర్తనలు, ఒక అధ్యాయం చదివేవారు. అది దినంలో నిర్ణయించిన వేళ మాత్రమే. చదువు చెప్పే బాధ్యత తల్లిదే. ఆడపిల్లకు చదవడం బాగా రాకముందు ఆమెను కుట్టుపని వంటి పనులకు పెట్టరాదన్నది ఆమె నియమాల్లో ఒకటి. మూడు వందల ఏండ్ల క్రిందటి తల్లికి తెలిసిన ఈ మాట మాకు నోటుబుక్కు చూచేదాకా తెలియలేదు.

చిన్నవారిని తొందరపెట్టరాదని కూడా ఆమె దగ్గర నేర్చుకున్నాం. బిడ్డకు అయిదేండ్లు నిండిన మరునాటి నుండే ఆమె చదువు మొదలుపెట్టేది, అంతకు ముందు కాదు. చివరి పిల్ల విషయంలో ఆమె మాట సాగక ముందుగా మొదలుపెట్టారట. తక్కిన పిల్లలకు నెలలు పట్టినది ఆ పిల్లకు ఏండ్లు పట్టిందని ఆమె రాసింది.

అన్నిటికంటె మమ్మును తాకింది మరొకటి. అంతమంది పిల్లలను కలిపి నేర్పిన ఆ తల్లి, వారంలో ఒక్కొక్క సాయంకాలం ఒక్కొక్కరికి కేటాయించి, వారితో విడిగా కూర్చొని మాట్లాడేది. జాన్‌ది గురువారం. 1712లో తన భర్తకు రాసిన ఉత్తరంలో ఈ వరుస ఉంది. కలిపి నేర్పడం ఎంత అవసరమో, విడిగా చూడడం అంత అవసరం. చాప మీద కలిసి కూర్చున్నప్పుడు ఎవరు మెరుస్తున్నారో కనబడుతుంది. ఎవరు మౌనంగా వెనుకబడుతున్నారో విడిగా కూర్చున్నప్పుడే తెలుస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో మంగళవారం పెద్దమ్మాయిది, గురువారం బాబుది, శనివారం చిన్నదానిది. అరగంట చాలు. నోటుబుక్కులన్నీ ఆ రోజు చూస్తాం.

మీరు మొదలుపెట్టాలంటే

ఆదివారం సాయంకాలం పిల్లల పుస్తకాలన్నిటి విషయసూచికలు పక్కపక్కన పెట్టి చూడండి. నీరు, మొక్కలు, ఆహారం, మన ఊరు వంటివి రెండు మూడు తరగతుల్లో తప్పక కనబడతాయి. వారానికి ఒక్క అంశం తీసుకుంటే చాలు.

కలిసి వినేది అరగంటకు మించకూడదు. ఆపైన ముందుగా చిన్నవారికి పని ఇచ్చి కూర్చోబెట్టండి. వారు కుదురుకుంటే పెద్దవారికి చెప్పడానికి వీలవుతుంది.

పాత పెండ్లి కార్డుల వెనుక తెల్లని భాగం మీద ఒక్కొక్క లెక్క, ఒక్కొక్క పదం రాసి, సులువు నుండి కష్టానికి వరుస పెట్టండి. చేసినవి ఒక డబ్బాలో, చేయవలసినవి ఒక డబ్బాలో. తమ మెట్టు పిల్లలకే తెలుస్తుంది. మాకు పైసా ఖర్చు కాలేదు.

షిఫ్టును బట్టి వారం మార్చుకోండి. మొదటి షిఫ్టు వారంలో సాయంత్రం, రెండవ షిఫ్టు వారంలో పొద్దున పాఠం. రాత్రి షిఫ్టు వారంలో పగటి నిద్ర చెడకుండా చదువు చెట్టు కింద.

తల్లిదండ్రులకు చదువు అంతగా రాకపోయినా, బిడ్డ నేర్చుకున్నది తిరిగి చెప్పమని అడగవచ్చు. చెప్పలేని చోట ఆగుతారు గదా, అక్కడే మళ్ళీ చదివించాలి.

ఒక్క హెచ్చరిక. ఇంట్లో బాగా నేర్పుతున్నామని బడి మాన్పించకండి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుండి పద్నాలుగేండ్ల ప్రతి బిడ్డకు బడిలో చదివే హక్కు ఇచ్చింది. ఏ కారణం చేతనైనా చదువు ఆగిపోయినవారు ఉంటే, పద్నాలుగేండ్లు నిండిన తరువాత తెలంగాణ ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. మీ వాడలో అటువంటివారుంటే ఈ మాట చేరవేయండి.

మొన్న సాయంకాలం మా చిన్నది తన లెక్కలు ముగించి, అక్క పుస్తకం దగ్గరకు పోబోయి, గడియారం చూచి ఆగింది. "ఇది అక్క టైము" అని తనకు తానే చెప్పుకొని వెనుకకు వచ్చి కూర్చున్నది. మేము నేర్పిన పాఠాల్లో ఇదొకటి నిలిచినందుకు దేవునికి స్తోత్రము చెల్లించాం.

మీ ఇంట్లో చాప మీద కూర్చునే ప్రతి బిడ్డనూ ప్రభువు జ్ఞానమందు వర్ధిల్లజేయును గాక.